నల్ల తుపాకుల మోజు

మొన్న మా చెల్లెలి అల్లుడు కొంపల్లి అవతల కొత్త ఇల్లు కొనుక్కుంటే చూడ్డానికి వెళ్ళాం. వంటింటి గట్టు నుంచి పూజగది తలుపుల దాకా అన్నీ చూపించి, చివరికి మేడ మీద ఒక గదిలోకి తీసుకెళ్ళి లైటు వేశాడు. గోడ నిండా గాజు పలకల వెనక తుపాకులు, ఒక్కోదాని కిందా నీలం రంగు దీపం. నిజం తుపాకులు కావు, ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే నకళ్ళు. కానీ నల్లగా, గరుగ్గా, ఒంటినిండా కొక్కేలతో బొడిపెలతో అచ్చం నిజం వాటిలాగే ఉన్నాయి. "పెద్దత్తయ్యగారూ, మీరు కతార్‌లో గన్ క్లబ్బులో చేశారట కదా, నా కలెక్షన్ ఎలా ఉందో మీరే చెప్పాలి" అంటూ ఒకటి తీసి చూపించబోయాడు. అలా తిప్పడంలో దాని గొట్టం మా ఆయన పొట్ట మీదుగా, మా చెల్లెలి మొహం మీదుగా, కాఫీ పళ్ళెం మీదుగా వచ్చి నా దగ్గర ఆగింది. నేను గబుక్కున పక్కకు జరిగాను. అతను నవ్వి, బొమ్మే కదండీ అన్నాడు. బాగుందని చెప్పాను. చుట్టరికాల్లో నిజాలు చెప్పే వయసు నాకు దాటిపోయింది.

ఇంటికి వచ్చేదాకా కారులో ఆ గొట్టమే నా కళ్ళ ముందు ఉంది. ఎందుకో మా ఆయనకు తెలుసు.

మన ఈడువాళ్ళలో చాలామందికి తుపాకీ అంటే సినిమాలో చూసిందో, బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలాదారు ఒళ్ళో చూసిందో అయి ఉంటుంది. నాకు మాత్రం గుంటూరులో కాలేజీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ పుణ్యమా అని రైఫిల్ పట్టడం అలవాటైంది, పోటీలకని ఢిల్లీ దాకా వెళ్ళొచ్చాను కూడా. పెళ్ళయ్యాక ఆ విద్య కాస్తా, అంతకుముందు నేర్చుకున్న వీణతో పాటే మూలపడింది. మా ఆయనకు కతార్‌లో మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో కంపెనీ క్వార్టర్స్‌లో కాపురం పెట్టాం. పిల్లలు పై చదువులకని ఇండియా వెళ్ళిపోయి, ఇంట్లో నేనూ ఏసీ చప్పుడూ మిగిలిన రోజుల్లో, మా కాలనీలో ఒకావిడ నోటి ద్వారా ఎడారి దారిలో ఉన్న ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో ఆడవాళ్ళ రోజులకు ఒక ఆడ రేంజ్ ఆఫీసరు కావాలని తెలిసింది. రేంజ్ ఆఫీసరంటే పెద్ద హోదా అనుకోకండి. కాల్చేవాళ్ళ వెనక నిలబడి ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి. ఆడవాళ్ళ రోజులకని చేరినదాన్ని, ఏడాది తిరిగేసరికి అన్ని రోజులకూ నేనే అయ్యాను, మగవాళ్ళ మీద అరవడానికి వేరే ఎవరూ ముందుకు రాలేదు కనక.

అవి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఆ దేశం మొత్తాన్ని తవ్వి పోసిన ఏళ్ళు. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. ఎటు చూసినా క్రేన్లు, ఎటు వెళ్ళినా దారి మళ్ళింపు బోర్డులు, ఆరేసిన బట్టల మీద సిమెంటు రంగు దుమ్ము. క్లబ్బు మాత్రం ఆ గోలకు దూరంగా, ఇసుకలో ఒక రేకుల షెడ్డూ, కొన్ని తుమ్మ చెట్లూ, ముందు పెద్ద మైదానమూ, అంతే. నారింజ రంగు మట్టి బిళ్ళలను ఒక యంత్రం గాల్లోకి విసురుతుంది, వాటిని పిట్టలనుకుని షాట్‌గన్‌తో, అంటే ఒక్కో తూటాలోంచి బోలెడు చిన్న గుళ్ళు చిమ్మే తుపాకీతో, కాల్చాలి. ఆ యంత్రం కాల్చేవాళ్ళకు ఎదురుగా, కొంచెం దూరంలో, నేలలోకి సగం దిగిన ఒక సిమెంటు బంకరులో ఉంటుంది. అందులో ఒక మనిషి కూర్చుని బిళ్ళలు నింపుతూ ఉంటాడు. అంటే తుపాకులన్నీ కాలుస్తున్న వైపే ఒక మనిషి ఉంటాడన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, కాల్చేవాళ్ళకు గుర్తుండేది కాదు.

క్లబ్బు ఒక పెద్దాయనది. వయసులో ఉన్నప్పుడు ముత్యాల వ్యాపారం పని మీద బొంబాయిలో ఏళ్ళ తరబడి గడిపిన మనిషి, మా అందరికంటే మంచి హిందుస్తానీ మాట్లాడేవారు. ఆయనా, ఆయన స్నేహితులూ పాత తుపాకులు సేకరించేవారు. జంట గొట్టాలవి, అక్రోటు చెక్క పిడివి, ఉక్కు మీద బాతులూ తీగలూ చెక్కినవి. వాటిని మఖమల్ పరిచిన తోలు పెట్టెల్లో, మన ఇళ్ళల్లో కాసులపేరు దాచుకున్నట్టు దాచుకుని తెచ్చేవారు. నాకు ఆ ముసలివాళ్ళంటే గొప్ప గౌరవమేమీ ఉండేది కాదు. నాలుగు తూటాలు కాల్చి రెండు గంటలు మాట్లాడేవారు. ప్రతి ఒక్కరికీ ఒక తాతగారు, ప్రతి తాతగారికీ ఆయన డేగ పట్టి తెచ్చిన ఒక బట్టమేక పిట్ట, ఆ పిట్ట ఏటా చలికాలానికి ఇంకొంచెం పెద్దదయ్యేది. ఒకాయనైతే తన తుపాకీని పదేళ్ళుగా కాల్చనే లేదు, నూనె రాసి, ఒళ్ళో పెట్టుకుని, ఖర్జూరాలు తిని, మళ్ళీ పెట్టెలో పెట్టి తీసుకెళ్ళేవాడు. పని లేకపోవడం కూడా ఒక వైభోగమేనని వాళ్ళను చూసి నవ్వుకునేదాన్ని.

కానీ వాళ్ళకు ఒక అలవాటు ఉండేది. ఆ పాత తుపాకులు నడుము దగ్గర మడుచుకుంటాయి. మడిస్తే రెండు గొట్టాలూ ఖాళీగా, అవతలి వెలుగు కనబడేలా తెరుచుకుంటాయి. కారు దిగి సలాం చెప్పే ముందే తుపాకీ మడిచి మోచేతి మీద వేసుకునేవారు, ఎంత దూరంనుంచైనా అది ఖాళీ అని ఎవరికైనా తెలిసిపోయేది. పెద్దాయన అయితే అలా మడవనివాడి సలాముకు బదులు కూడా ఇచ్చేవారు కాదు. క్లబ్బులో మడత తుపాకీ తప్ప ఇంకో రకం రానివ్వకూడదని ఆయన నియమం.

తర్వాత ఆయన తుంటి ఎముక విరిగి, రావడం తగ్గింది. క్లబ్బు ఆయన మేనల్లుడి చేతికి వచ్చింది. నగరంలో డబ్బు పొంగుతున్న రోజులు. కన్సల్టెంట్లు, కాంట్రాక్టర్లు, టవర్లకు లిఫ్టులు అమ్మేవాళ్ళు, స్టేడియాలకు కుర్చీలు అమ్మేవాళ్ళు, శుక్రవారం సెలవు వస్తే ఏం చేయాలో తోచనివాళ్ళంతా మా క్లబ్బు మీద పడ్డారు. ఆ కొత్తవాళ్ళకు పాత తుపాకులు నచ్చలేదు. ఇది మా తాతల కాలందిలా ఉంది, ఆటల్లో ఉండే రకం లేదా అని అడిగేవారు. ఆటలంటే కంప్యూటరు ఆటలు. చెక్క వద్దు, చెక్కడం వద్దు. నల్లగా ఉండాలి, ప్లాస్టిక్ ఉండాలి, పైన ఎర్ర చుక్క చూపించే అద్దం ఉండాలి, ఫోను తగిలించుకోవడానికి కొక్కెం ఉండాలి. అక్కడివాళ్ళలో సొంత తుపాకులున్న కుర్రకారు ఇంకో అడుగు ముందుకేసి బంగారు పూత పూయించారు. ఒకడు తన కారు రంగుకు సరిపోయేలా ఊదా రంగు వేయించి, గొట్టం మీద తన పేరు రాయించుకుని వచ్చాడు. అది చూసిన పెద్దాయన స్నేహితుడొకరు పెట్టె తెరవకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

వాళ్ళ సంగతి వాళ్ళది. నాకు ఒళ్ళు మండేది మనవాళ్ళను చూసి. మనలాంటివాళ్ళకు అక్కడ సొంత తుపాకీ దొరకదు, క్లబ్బు తుపాకీ తీసుకుని కాల్చి తిరిగి ఇచ్చెయ్యాలి. అందుకని తుపాకీ తప్ప మిగతావన్నీ కొనుక్కునేవారు. భీమవరం వైపునుంచి వచ్చి, లుసైల్ అనే కొత్త నగరంలో టవర్లకు అద్దాలు బిగించే సబ్‌కాంట్రాక్టు తీసుకున్న ఒకాయన ఉండేవాడు. ఆకులూ మచ్చలూ ఉన్న సైనికుల ప్యాంటు, జేబుల చొక్కా, వేళ్ళు లేని గ్లవ్సు, మోకాళ్ళకు కట్లు. మట్టి బిళ్ళలు తిరగబడి కాలుస్తాయని ఎవరు చెప్పారో మరి. అంత వేషమూ వేసుకుని పాతిక బిళ్ళల్లో ఐదు కొట్టేవాడు, ఫోటోలు మాత్రం యాభై దిగేవాడు. తుపాకీ గురించి ఆయనకు తెలిసిందల్లా ఏ వైపునుంచి ఫోటో బాగా వస్తుందన్నదే.

మేనల్లుడు నియమం ఎత్తేసి నల్ల తుపాకులు తెప్పించాడు. అవి ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే ఎక్కే రకం. మడవడానికి వీల్లేదు. లోపల తూటా ఉన్నా లేకపోయినా చూపుకి ఒక్కలాగే ఉంటాయి. వెనక నిలబడిన నాకే తెలియదు, ఎదురుగా బంకరులో ఉన్నవాడికి అసలే తెలియదు. అదే చెప్పాను. అతను శాంతంగా విని, "కస్టమర్ అడుగుతున్నాడు మేడమ్, మాఫీ ముష్కిల్" అన్నాడు. ఏ ఇబ్బందీ రాదని దాని అర్థం. ఇబ్బంది తనదాకా రాదనుకున్న ప్రతివాడూ అక్కడ ఆ మాటే అంటాడు.

బంకరులో పనిచేసేవాడు జగిత్యాల దగ్గరి మనిషి, నలభై దాటినవాడు. స్టేడియం పనుల్లో ఇనుము కట్టి కట్టి నడుం పోతే, ఎవరో చెప్పి మా క్లబ్బులో చేర్చారు. నన్ను అక్కా అనేవాడు, మా ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి అతనికీ పెట్టేదాన్ని. మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చున్నప్పుడు, కాల్చేవాళ్ళను చూసి అతనికి నిజంగానే ఆశ్చర్యం. "గీ మట్టి బిళ్ళలు వీళ్ళను ఏం జేసినయ్ అక్కా, గింత కోపం" అనేవాడు. "మా అమ్మేమో నా కొడుకు దుబాయ్‌ల తుపాకుల కాడ పని జేస్తుండు, పోలీసు అయిండని ఊరంత చెప్పుకుంటుంది. నేను గుంతల కూసుంటనని ఎట్ల చెప్పాలె." అతను నవ్వితే ముందు భుజాలు కదిలేవి.

చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున ఆ భీమవరం ఆయన తన కంపెనీకి పని ఇచ్చే పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. ఆ రోజు ఆయన హడావుడి చెప్పనలవి కాదు. నల్ల తుపాకీ తనే తీసుకుని, అతిథులకు అందులోని ప్రతి బొడిపె గురించీ పాఠం చెప్పాడు, సగం తప్పులు. కాసేపు కాల్చాక యంత్రంలో బిళ్ళ ఇరుక్కుంది. బంకరులోంచి గంట మోగింది, ఎర్ర జెండా పైకి లేచింది. నేను ఆపమని అరిచి, తుపాకులన్నీ స్టాండులో పెట్టమన్నాను. అందరూ పెట్టారు. నేను వాటిని ఒక్కోటీ చూసుకుంటూ వస్తున్నాను. ఆయన పెట్టినట్టే పెట్టి, నేను దాని దాకా ఇంకా రాకముందే, అతిథి ఒకరు ఫోటో తీస్తానంటే మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి జగిత్యాల తమ్ముడు జెండా పట్టుకుని, ఇరుక్కున్న బిళ్ళ ముక్క చూపించడానికి మెట్లెక్కి భుజాల దాకా పైకి వచ్చాడు. ఫోటో కోసం ఆయన తుపాకీ భుజానికి ఆనించాడు. వేలు ఎక్కడుండకూడదో అక్కడే ఉంది.

ఆ చప్పుడు నాకు రోజూ అలవాటైనదే. అయినా అది వేరుగా వినబడింది. ఎందుకంటే అంతకుముందు క్షణం అంతా నిశ్శబ్దం. బంకరు అంచు సిమెంటు తెల్లగా ఎగిరింది, జెండా పడిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చాలా గుళ్ళు సిమెంటుకే తగిలాయి. కొన్ని మాత్రం ఎడమ చెవినీ, మెడనీ, భుజాన్నీ చీల్చాయి. చున్నీ తీసి మెడకు అదిమి పట్టాను. "ఏం గాలె అక్కా, చెవిల మోత మోగుతుంది, గంతే" అని, లేచి నిలబడబోయి నా మీద ఒరిగిపోయాడు. వాచ్‌మన్ పికప్ తీసుకొచ్చాడు. ఇద్దరం కలిసి అతన్ని ఎక్కిస్తుంటే, ఆ సైనికుల ప్యాంటాయన అక్కడే నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఏదైనా అంటాడేమో, కనీసం ఒక చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను. ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట, "వీడియో ఎవరైనా తీశారా?"

నేను జీవితంలో మనుషులను చాలా రకాలుగా అసహ్యించుకున్నాను. అంత పూర్తిగా ఇంకెవరినీ అసహ్యించుకోలేదు.

ఆసుపత్రిలో తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళాక, మేనల్లుడూ భీమవరం ఆయనా కలిసే వచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట. జెండా ఎత్తకముందే ఆ మనిషి బయటికి వచ్చాడని నేను చెప్పాలి. అలా చెబితే తప్పు పనివాడిదవుతుంది, క్లబ్బు నిలబడుతుంది, కాంట్రాక్టు నిలబడుతుంది, పనివాడు ఇంటికి వెళతాడు. భీమవరం ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మేడమ్ గారూ, మనం మనం తెలుగువాళ్ళమండి. పరాయి దేశంలో మనలో మనమే ఇలా చేసుకుంటే ఎలాగండి."

"లోపల పడుకున్నతను కూడా తెలుగువాడేనండి" అన్నాను.

ఆయనకు నిజంగా ఆ సంగతి తట్టలేదు. వారంవారం వచ్చి, అతని తల పక్కనుంచే కాలుస్తూ, ఆ గుంతలో ఉన్నది ఏ దేశం మనిషో కూడా తెలుసుకోలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే ముందు బీరువాలోంచి ఇద్దరి పాస్‌పోర్టులూ తీసి చూశారు. మా ఇద్దరి వీసాలూ ఆయన ఉద్యోగం మీద ఉన్నాయి, అక్కడ పోలీసు కేసులో ఇరుక్కోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన డ్యూటీకి సెలవు పెట్టి, బట్టలు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. "ముందు పెద్దాయన ఇంటికి వెళదాం. ఆయనకు చెప్పకుండా స్టేషన్‌కు వెళితే బాగుండదు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు, నేను పక్కనే ఉంటాను" అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాకు ఆయన కొన్న చీరలు ఏవీ గుర్తులేవు, ఈ మాట గుర్తుంది.

పెద్దాయన మజ్లిస్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే గదిలో, చక్రాల కుర్చీలో ఉన్నారు. మేనల్లుడు అప్పటికే వచ్చి తన కథ చెప్పి వెళ్ళాడని అర్థమైంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక ఒకటే ప్రశ్న అడిగారు, ఏ తుపాకీ అని. చెప్పాను. ఆ రకం తన క్లబ్బులోకి వచ్చిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. హిందుస్తానీలో, "అమ్మా, ఆ మనిషి నా నేల మీద పడ్డాడు. నీకంటే ముందు నేను చెప్పాలి" అన్నారు. డ్రైవరును పిలిచి యల్లా, పద అన్నారు. మేము మా కారులో, ఆయన ఆయన కారులో స్టేషన్‌కు వెళ్ళాం. తన నియమం తన ఇంట్లోవాళ్ళే ఎత్తేశారని, ఆ తప్పు క్లబ్బుదేనని ఆయన అధికారి ముందు చెప్పారు. తర్వాత నేను చెప్పాను. ఆ భీమవరం అద్దాలాయన తెచ్చిన అతిథుల్లో ఒకరు కూడా వచ్చి నిజమే చెప్పారట, ఆ మాట తర్వాత తెలిసింది.

తమ్ముడి మెడలోంచి గుళ్ళు తీశారు. ఎడమ చెవికి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. వైద్యం ఖర్చూ, నష్టపరిహారమూ అద్దాలాయనా క్లబ్బూ భరించాల్సి వచ్చింది. ఆయనకు దానికంటే క్లబ్బులోకి రానివ్వకపోవడమే పెద్ద అవమానమైంది. కొన్నాళ్ళకు ఏషియన్ టౌన్‌లో సామాన్లు కొనడానికి వెళ్ళినప్పుడు తెలిసినావిడ ఫోనులో ఆయన కొత్త ఫోటో చూపించింది. ఇంకేదో దేశం, ఇంకేదో క్లబ్బు, ఇంకా నల్లటి తుపాకీ, అదే ప్యాంటు. తమ్ముడు మళ్ళీ గుంతలోకి దిగనన్నాడు. పెద్దాయన తన తోటలో డేగలు చూసుకునే పని ఇచ్చారు. ఆ పని అతనికి నచ్చింది, తుపాకులకంటే ఇవే నయం, కోపం ఎందుకొస్తదో ముందే తెలుస్తది అనేవాడు. రెండేళ్ళు చేసి ఊరికి వెళ్ళిపోయాడు. బస్సు స్టాండు పక్కన చిన్న టీ కొట్టు పెట్టుకున్నాడని, కూతురు నర్సింగు చదువుతోందని ఫోను చేసి చెప్పాడు.

పెద్దాయన పోయాక ఆ జంట గొట్టాల తుపాకులను మేనల్లుడు అమ్మకానికి పెట్టాడు. సేకరించేవాళ్ళెవరూ కొనలేదు, వాటి కాలం అయిపోయింది. ప్రపంచ కప్పుకు వచ్చే విదేశీయులకని కొత్తగా తెరిచిన ఒక కేఫ్‌వాళ్ళు అలంకారానికని తీసుకున్నారు. మేము దేశం వదిలి వచ్చేసే ముందు ఒకసారి అక్కడికి కాఫీకి వెళ్ళాం. గొట్టాల్లో సీసం పోసి, మడిచే చోట అతుకు వేసి, బాతుల చెక్కడం మీద మెరిసే వార్నిష్ పూసి గోడకు బిగించారు. కుర్రవాళ్ళు వాటి కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పెద్దాయన తుపాకీని నేను గుర్తుపట్టాను. ఆయన చేతుల్లో ఉన్నప్పుడు కలగని జాలి నాకు అప్పుడు కలిగింది.

తిరిగి వస్తూ నేను అడగకుండానే మా ఆయన కారు క్లబ్బు దారిలోకి తిప్పారు. షెడ్డు లేదు. తుమ్మ చెట్లు లేవు. కొత్త రోడ్డు వేస్తున్న యంత్రాలు నిలిపి ఉన్నాయి, బంకరును ఎప్పుడో పూడ్చేశారు. ఇసుకలో మాత్రం అక్కడక్కడా నారింజ రంగు పెంకులు మిగిలి ఉన్నాయి.

ఆ ముసలివాళ్ళను నేను ఎగతాళి చేసిన మాట నిజం. ఇప్పుడు తలుచుకున్నా వాళ్ళ తాతగార్ల కథలకు నవ్వే వస్తుంది. వాళ్ళకూ మోజే, వీళ్ళకూ మోజే, అందులో ఎవరి గొప్పా లేదు. కానీ వాళ్ళు చేతిలో ఉన్నదేమిటో తెలిసి, దానికి కాస్త భయపడుతూ ముచ్చటపడ్డారు. ఎదురుగా ఎవరైనా ఉంటారేమోనన్న అనుమానం వాళ్ళను ఎప్పుడూ వదల్లేదు. ఆ భయాన్ని నేను చాదస్తమనుకున్నాను. అది పోయాక ఏం మిగులుతుందో చూశాను కనక చెబుతున్నాను, మర్యాద అని మనం అనుకునేదాంట్లో సగం ఆ భయమే. దుకాణాల్లో ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి. అది మాత్రం ఎవరూ అడగడం లేదు.